సున్నం కొట్టిన కల్వర్టు

మెదక్,
16 సెప్టెంబర్ 2025

తమ్మీ పరమేశ్,

అక్క ఆశీస్సులు నీకూ, మమతకూ, నా మేనకోడలు రిషితకూ. కవరు చూసి నవ్వకు. "ఫోన్ చేస్తె అయిపోయేదానికి గీ పోస్టేంది" అని మమత ముందు నా మీద జోకులు కూడా వెయ్యకు. కారణం ఉంది.

మొన్న కాగితాల నకళ్ళ కోసం ఇంజినీర్ల ఆఫీసుకు వెళ్ళాను. డీఈ మదన్ మోహన్ ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. "మీ లాయరమ్మ మహతి చిన్నపిల్లనట గదా మేడం, స్కూటీ మీద వచ్చి పోతదట. జర పెద్ద లాయర్ని పెట్టుకోవద్దా?" అన్నాడు. మహతి పేరు నేను ఎవరికీ చెప్పలేదు. నీకొక్కడికే చెప్పాను, అదీ ఫోన్లో. స్కూటీ ముచ్చట చెప్పుకొని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. అంటే నా ఫోన్ ఎవడో వింటున్నాడు. "అక్కా, ఇగ ఫోన్ల కేసు మాట ఎత్తకు" అని మహతి కూడా గట్టిగా చెప్పింది. పదిహేనేళ్ళుగా బడిలో పిల్లలకు లేఖలు రాయడం నేర్పిస్తున్నాను, ఇప్పటికి నాకు పనికొచ్చింది.

నా బిడ్డ ఇషిత సంవత్సరీకానికి వచ్చినప్పుడు "కేసుల ఏం రాసిండ్రక్కా" అని అడిగావు. నలుగురి మధ్య చెప్పలేకపోయాను. గుండ్లవాగు మీద పాత కల్వర్టు తీసేసి కొత్త పైపులు వేసి కట్టామని ఆఫీసు కాగితాల్లో ఉంది. బిల్లు కూడా అయిపోయింది. అక్కడ కట్టిందేమీ లేదు. పోయినేడు వానల్లో ఆ పాత కల్వర్టే కూలింది. కాలేజీ నుంచి బిడ్డను ఎక్కించుకొని వస్తున్న మీ బావ ఆటో వాగులో పడింది. ఆయన ఒక కాలు పోగొట్టుకొని బయటపడ్డాడు. నా ఇషిత తెల్లారి దొరికింది. ఇదంతా నీకు తెలిసిందే, దాన్ని నువ్వే ఎత్తుకొచ్చావు. కానీ రాయకుండా ఉండలేకపోతున్నాను.

పెట్టిన అర్జీలు పెట్టిన చోటనే ఉన్నాయి. అందుకే మహతి నా పేరు మీద నేరుగా హైదరాబాద్ కోర్టులో వేసింది. డీఈ ఒకటో ముద్దాయి, ఆయన కింది ఏఈ రెండో ముద్దాయి. నేనూ, నా సాక్షీ జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పాలి. నమ్మితే కేసు నడుస్తుంది, లేకుంటే అక్కడికక్కడే కొట్టేస్తారు.

బదులు పోస్టులోనే రాయి. బద్ధకించకు.

నీ అక్క,
దేవిక


రేగోడ్,
5 అక్టోబర్ 2025

అక్కకు, బావకు దండాలు.

నీ ఉత్తరం అందింది. నాకు రాసుడు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. తప్పులుంటె ఎర్రపెన్నుతోని దిద్ది వాపస్ పంపకు, చిన్నప్పటి లెక్క.

గీడ అందరం మంచిగనే ఉన్నం. మక్కలు ఆరబోస్తే వాన ఇడుస్తలేదు. ట్రాక్టర్ కిరాయిలు జర తగ్గినయ్. రిషిత ఆఫీసుల కంప్యూటర్ పనికి రోజు బస్సుల పోయొస్తుంది. పర్మనెంట్ కాకున్నా సర్కారు ఆఫీసు గద, మమత మస్తు ఖుషీగున్నది. దసరా నాడు పెద్ద సార్లు మనింటికొచ్చి చేతుల జమ్మి ఆకు పెట్టి, కావలిచ్చుకొని అలాయ్ బలాయ్ తీస్కున్నరు. వాడకట్టంత చూసింది.

అక్కా, ఒకటడుగుత, కోపం చెయ్యకు. గీ కేసు మనకెందుకు? ఇషిత తిరిగొస్తదా? నేను దాని మేనమామను, నాకు లేదా దుఃఖం? రోజు బువ్వ ముందట కూసుంటె యాదికొస్తది. కని గాళ్ళు పెద్దోళ్ళు. పొట్టేలు పోయి కొండను ఢీకొంటె కొమ్ములే ఇరుగుతయ్. బావను చూసుకుంట నిమ్మళంగ ఉండరాదు?

ఇననంటవా, నీ మొండితనం నాకు తెల్వదా. ఇననంటె గిది చెప్పు. నువ్వు తల్లివి, నీ ఒక్కదాని మాట కోర్టు నమ్ముతదా? ఇంకో సాక్షి ఎవరు? కోర్టు ఎప్పుడు? నాకు ఎరుకుంటె నేను గూడ ఎనకకెళ్ళి చూసుకుంట.

తమ్ముడు
పరమేశ్


మెదక్,
13 అక్టోబర్ 2025

పొట్టేలు అక్క నుంచి కొండకు భయపడే తమ్ముడికి,

కోపం చెయ్యకు అంటూనే కోపం తెప్పించావు. ఇషిత తిరిగి రాదని నాకు నువ్వు రాసి చెప్పాలా? ఆ కల్వర్టు ఇప్పటికీ అట్లానే కూలి ఉంది. పక్కన మట్టి పోసి దారి చేశారు. దాని మీద నుంచి ప్రతి పొద్దునా కాలేజీ పిల్లలు పోతున్నారు. ఈ ఏడు మళ్ళా కట్టినట్టు రాసుకుంటారేమో! ఇదే నా బాధ, ఇంతకన్నా ఇంకేం లేదు.

అయినా నువ్వు "నేను చూసుకుంట" అన్న మాటకు నా సగం బరువు దిగింది. మీ బావ మాట్లాడడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఇంట్లో ఒక మగమనిషి మాట లేక ఎన్నాళ్ళయిందో.

సాక్షి బాలనర్సమ్మ. కల్వర్టు పక్క చెలకలో మేకలు మేపుతుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను: "ఒక్క గడ్డపార దిగలే బిడ్డా. పాత గోడలకు సున్నం కొట్టిండ్రు, ఎర్రరంగు గీతలు గీసిండ్రు, నిలబడి ఫొటోలు దిగిండ్రు. గా డీఈ సారు నన్ను జూసి, ఏయ్ అవ్వా, మేకల్ని అవతలికి కొట్టు, ఫొటోల పడ్తున్నయ్ అని కసిరిండు." చూశావా, మనిషిని కూడా గుర్తుపడుతుంది. ఈ పేరు మహతికి, నాకు, ఇప్పుడు నీకు తప్ప నాలుగో మనిషికి తెలియదు. కోర్టు నవంబర్ పద్నాలుగున.

ఇక్కడ మాత్రం ఏదో జరుగుతోంది. మా బడి ముందు ఒక తెల్ల బొలెరో వచ్చి ఆగుతోంది. ఎవరూ దిగరు, హారన్ కొట్టరు. బడి వదిలాక నేను ఇల్లు చేరేదాకా వెనకాలే నెమ్మదిగా వస్తుంది. నిన్న మా కరస్పాండెంట్ పిలిచి, "టీచర్, మన బిల్డింగ్ పర్మిషన్ల గురించి ఎవరో అడుగుతున్నరు. మీరు కొన్ని దినాలు లీవు పెట్టుకోండ్రి" అన్నాడు. ఎవరడిగారంటే చెప్పడు.

ఇంతకూ నీకు జమ్మి పెట్టిన ఆ పెద్ద సార్లు ఎవరురా? పేర్లు రాయలేదు.

అక్క


రేగోడ్,
30 అక్టోబర్ 2025

అక్కా,

శుభముచ్చట రాస్తున్న. నీకు ఒడి బియ్యం పోస్తమని మమత, నేను అనుకున్నం. ఏడాది మైల తీరింది. రెండిండ్లల్ల శుభమన్నది లేకపాయె. అమ్మ పోయినంక పుట్టిల్లంటె నీకు నేనే గద. నీ ఒళ్ళె బియ్యం పడితెనన్న మన బతుకులు మంచిగైతయేమో. పంతుల్ని అడిగితె కార్తీకంల పదమూడో తారీఖు పొద్దుగాల మంచిగున్నదన్నడు. తిని బస్సెక్కినా పొద్దూకకముందు ఇల్లు చేరుతవ్, తెల్లారి నీ కోర్టుకు అందుతవ్.

మమత నీకు బొట్టు పెట్టి చెప్పనీకె మెదక్ వస్తది. కాదనకక్కా. ఆడబిడ్డ ఒడి బియ్యం వద్దంటె పుట్టింటికి అరిష్టమంటరు. బావను గూడ తీస్కరా, ఆయనకు బట్టలు తెచ్చిన.

గా ముసలమ్మను పట్నం ఎవరు తీస్కపోతరు? ఒక్కతె ఎట్ల పోతది పాపం. ఎక్కడ కలుస్తవో రాయి. కారు కావాల్నంటె మాట్లాడుత.

పరమేశ్


మెదక్,
5 నవంబర్ 2025

నా పుట్టిల్లా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మమత వచ్చి బొట్టు పెడుతుంటే ఇంకోసారి ఏడ్చాను. అది కూడా ఏడ్చింది, ఎందుకో నా కళ్ళలోకి చూడలేదు. వస్తాం, ఇద్దరం వస్తాం. చీర కోసం ఎక్కువ ఖర్చు పెట్టకు, వంగపండు రంగైతే చాలు.

కారు వద్దు. బాలనర్సమ్మకు ఫోన్ లేదు. పద్నాలుగున తెల్లారగట్ల మెదక్ బస్టాండులో హైదరాబాద్ బస్సులు ఆగే దగ్గర కూర్చోమన్నాను. అక్కడి నుంచి నేనే తీసుకుపోతాను. నేను గానీ, నేను పంపిన మనిషి గానీ వస్తే తప్ప ఎవరి వెంటా కదలొద్దని మరీ మరీ చెప్పాను.

ఆ బొలెరో మూడు నాలుగు రోజులుగా కనిపించడం లేదు. విసుగు పుట్టి పోయినట్టున్నారు. నాకు కొంచెం నిద్ర పడుతోంది.

జమ్మి సార్ల పేర్లు ఈసారీ రాయలేదు. వచ్చినప్పుడు అడుగుతాను, తప్పించుకోలేవు.

అక్క


మెదక్,
19 నవంబర్ 2025

పరమేశ్,

నీ ఇంట్లో తిన్నదానికీ, కట్టుకున్నదానికీ ముందు దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

ఆ పొద్దున అంతా సిద్ధమైంది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, అయిదుగురు ముత్తయిదువలు. పంతులు రాలేదు. నువ్వు వెతకడానికి పోయి దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చావు. "గడియ మంచిగ లేదట, ముహూర్తం తెల్లారికి జరిపిండు" అన్నావు. నేను పోతానని లేచాను. "బియ్యం కలిపినంక ఒళ్ళె పడకుంట ఆడబిడ్డ గడప దాటొద్దు" అని మమత వాళ్ళమ్మ అడ్డం నిలబడింది. నువ్వు నా కాళ్ళ మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చావు. అంత ఏడుపెందుకో అప్పుడు నాకు తట్టలేదు. చెల్లిని కాదు, అక్కను. తమ్ముడి ఇంటికి అరిష్టం నా వల్ల రావద్దని ఆగిపోయాను. పొద్దున్నే పోసుకొని, నువ్వు మాట్లాడతానన్న కారులో బాలనర్సమ్మను ఎక్కించుకొని నేరుగా పోవచ్చనుకున్నాను.

తెల్లారి పంతులు వచ్చాడు గానీ కారు రాలేదు. నర్సాపూర్ నుంచి వస్తున్నదన్నావు. మీ బావ చంకకర్రల మీద గేటు దగ్గర నిలబడి దారి చూస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఆటోలు మారుకుంటూ, నడుముకు కట్టిన బియ్యంతోటే మెదక్ బస్టాండులో దిగాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. బాలనర్సమ్మ లేదు. కోర్టులో మహతి ఒక్కతే నిలబడి బతిమాలితే జడ్జి డిసెంబర్ పంతొమ్మిదికి వాయిదా ఇచ్చాడు. ఇదే ఆఖరుసారి, ఆ రోజు సాక్షి లేకపోతే కేసు కొట్టేస్తానన్నాడు.

నిన్న బాలనర్సమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు సందులోంచే మాట్లాడింది. ఆ రోజు ఇద్దరు మనుషులు కారులో వచ్చి మర్యాదగా పిలిచారట. "దేవికమ్మ రేగోడ్ల ఆగిపోయిందవ్వా. ఒడి బియ్యం ముహూర్తం తెల్లారికి మారింది. నిన్ను కోర్టుకు తీస్కపొమ్మని మమ్మల్ని పంపింది" అన్నారట. నా పేరు, ఒడి బియ్యం మాట చెప్పేసరికి ఎక్కింది. నర్సాపూర్ అడవి నడుమ కారు ఆపి దింపారు. కొట్టలేదు, తిట్టలేదు. "గీడ మనిషి తప్పిపోతె దొరకడవ్వా" అని చెప్పి, నడుచుకుంటూ ఇంటికి పొమ్మని వాపస్ తిరిగారు. ఆమె మేకలన్నీ అమ్మేసింది. "నాకేం తెల్వదు బిడ్డా, నేను సున్నం చూడలే, ఏం చూడలే, నీ కాల్మొక్కుత పో" అని తలుపు వేసుకుంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. నా ఫోన్ మెదక్‌లోనే ఆపేసి సంచిలో పడేశాను. ముహూర్తం మారిన సంగతి చీకటి పడేవేళ నీ వాకిట్లో తెలిసింది. దాన్ని ఏ పోస్టూ మోయలేదు. మరి మెదక్ బస్టాండుకు తెల్లారేసరికి ఎట్లా చేరింది?

ఫోన్‌ను అనుమానించాను. పోస్ట్‌మన్‌ను అనుమానించాను. బడిలో ఆయమ్మను కూడా అనుమానించి ఆమెతో మాట్లాడడం మానేశాను, ఛీ. నీ మీదికి మాత్రం నా బుద్ధి పోలేదు.

జమ్మి పెట్టింది ఎవరు? నీ చేత్తో రాయి.

దేవిక


రేగోడ్,
27 నవంబర్ 2025

అక్కా,

అక్కా అని రాసే మొకం లేదు, అయినా రాస్తున్న.

చెప్పింది నేనే. స్కూటీ ముచ్చట నేనే చెప్పిన, ముసలమ్మ పేరు నేనే చెప్పిన, ముహూర్తం నేనే జరిపిచ్చిన. పంతుల్ని తెల్లారి రమ్మన్నది నేనే, ఆయనకు పాపం ఏం తెల్వదు.

రిషితకు గా నౌకరి పెట్టిచ్చింది డీఈ మదన్ మోహన్. గప్పుడే నాకు అర్థం కావాల్సుండె. అప్పట్నుంచి ఊకె ఫోన్ చేసి అక్క మంచిగున్నదా, లాయరెవరు అని అడుగుతుండె. దసరా నాడు ఆయనే వచ్చి జమ్మి పెట్టి, నులకమంచం మీద కూసొని, నా భుజం మీద చెయ్యేసి అన్నడు: "పరమేశ్, మీ అక్కకు ఒక్కతే బిడ్డ ఉండె. నీకు గూడ ఒక్కతే గద. రోజు బస్సుల పోయొస్తదట, జర పైలం." నవ్వుకుంటనే అన్నడు అక్కా. చాయ్ తాగి పోయిండు. గా దినం నుంచి నాకు నిద్ర లేదు. రిషిత బస్సు జర ఆలస్యమైతె రోడ్డు మీదికి ఉరుకుతున్న.

నేను పైసలు తీస్కోలే. అమ్మతోడు, ఒక్క రూపాయి ముట్టలే. నువ్వేం చేస్తున్నవో గాళ్ళకు తెలుస్తుంటె నా బిడ్డ జోలికి రారనుకున్న. ముసలమ్మను ఒక్క దినం ఆపుతమన్నరు, గంతే. అడవికి తీస్కపోతరని నాకేం ఎరుక?

ఇషితను వాగులకెళ్ళి తీసింది నేను. గా బరువు ఇంక నా చేతుల్లనే ఉన్నది. ఇంకో బిడ్డను గట్ల మోయలేనక్కా. కేసు వాపస్ తీస్కో. నీ కాళ్ళు మొక్కుత. నన్ను తిట్టు, కొట్టు, నా గడప తొక్కకు, నేను సచ్చినా రాకు. రిషితను మాత్రం కాపాడు. దానికి ఇవేం తెల్వయ్. డిసెంబర్‌ల ట్రైనింగ్ ఉన్నదని పట్నం పోతదట. గన్ని దినాలు గాళ్ళ కంటికి దూరముంటదని నాకు జర నిమ్మళం.

నీ
పరమేశ్


మెదక్,
18 డిసెంబర్ 2025

పరమేశ్,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేగోడ్ బస్సు కండక్టర్ భూలక్ష్మి చేతికిస్తున్నాను. సాయంత్రానికల్లా నీకు అందుతుంది. అందాలి కూడా. నువ్వు నాకు చెప్పకుండా చేశావు, నేను నీకు చెప్పకుండా చెయ్యను.

నీ ఉత్తరం చదివి నిన్ను నోటికి వచ్చినట్టు తిట్టాను. మీ బావ చాలా రోజులకు నోరు తెరిచి "వాడు తండ్రి, దేవికా" అన్నాడు. అంతే, నాలో పట్టు వదిలింది. తెల్లారి మహతి దగ్గరికి వెళ్ళి కేసు వద్దన్నాను. కాగితం రాయించి సంతకం కూడా పెట్టాను. వాగు ఒక బిడ్డను తీసుకుంది, నేను పంతం కోసం ఇంకో బిడ్డను ఇవ్వలేననిపించింది. నమ్మితే నమ్ము, ఆ రోజు నేను ఓడిపోయాను.

మహతి ఆ కాగితం ఇంకా కోర్టులో ఇవ్వకముందే రిషిత వచ్చింది. బ్యాగు పట్టుకొని మా గుమ్మంలో నిలబడింది. ట్రైనింగూ లేదు, ఏమీ లేదు. నౌకరికి రాజీనామా ఇచ్చి నేరుగా ఇక్కడికే వచ్చింది. "అత్తమ్మా, దసరా నాడు చాయ్ తెచ్చి ఇచ్చింది నేనే" అన్నది. నువ్వు నాకు రాయని మాట అది చెప్పింది. నీ భుజం మీద చెయ్యి వేసి ఆ మనిషి, "సున్నం కొట్టి ఫొటో దిగినం, గింతే గద పరమేశ్. ఎవలు చూసిండ్రు? మీ అక్క సాక్షి ఎవరో జర కనుక్కో" అన్నాడట. తనను బస్సులో పైలం అన్న మాట కూడా విన్నదట. దానికి ఇవేం తెలియవని నువ్వు అనుకున్నావే, ఆ పిల్ల తలుపు వెనక ట్రే పట్టుకొని అన్నీ విన్నది. రెండు నెలలు నీ మొహం చూస్తూ ఎట్లా తిన్నదో, ఎట్లా పడుకున్నదో.

నేను వద్దన్నాను. తిట్టాను. బ్యాగు తీసి బయటపెట్టాను. "మీ నాయిన సచ్చిపోతడే, నీ ఒక్కదాని కోసమే గింత పాపం చేసిండు" అన్నాను. "నాయిన నా కోసం భయపడ్డడు, నాకెరుకే. గని నేను రోజు గదే బస్సుల, గదే డీఈ ఆఫీసు ముందట్నించి పోతున్న అత్తమ్మా. నోరు మూసుకుంటె నన్ను ఇడిసిపెడ్తరా? ఇయ్యాల నౌకరి, రేపు ఇంకోటి అడుగుతరు. నేను జడ్జి ముందట చెప్త" అన్నది. అచ్చం ఇషిత మొండితనం. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. వాపస్ కాగితం మహతి చించేసింది.

రేపు పొద్దున నేనూ, నీ బిడ్డా కోర్టుకు వెళ్తున్నాం. ఏ దారిన, ఎందులో, ఎవరి తోడుతో అనేది ఈసారి రాయడం లేదు. నాకు భయంగా ఉంది. ధైర్యవంతురాలినని నలుగురూ అంటారు గానీ, పొద్దున దాని జడ మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లాను. దానికి ఏమన్నా అయితే నీకు మొహం చూపించలేను, నాకు నేనే చూపించుకోలేను.

బొలెరో మళ్ళీ వచ్చింది. పొద్దున్నుంచి మా వీధి మలుపులో నిలబడి ఉంది. కిటికీలోంచి చూస్తూనే రాస్తున్నాను. నేనూ మీ బావా ఇద్దరమే ఇంట్లో ఉన్నామని వాళ్ళ లెక్క. వెనక గదిలో ఎవరు పడుకొని ఉన్నారో వాళ్ళకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరం విప్పిన నీకు ఒక్కడికే తెలుసు.

ఇప్పుడు డీఈ సారుకు ఫోన్ చేస్తావా, తమ్మీ?

అక్క